సాగర్‌లో మా హస్తకళల దుకాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాగార్జునసాగర్ హిల్ కాలనీలో మా ఇంటివాళ్లం నడుపుకుంటున్న దుకాణం గురించి రాస్తున్నాను. డ్యాం చూడ్డానికి వచ్చినవాళ్లు, ప్రాజెక్టు రిపోర్టు కోసం నల్లగొండ నుంచి వచ్చే డిగ్రీ పిల్లలు, "మేమూ ఇట్లాంటిదే ఒకటి పెడదామనుకుంటున్నాం" అని ఫోన్ చేసేవాళ్లు, చివరికి పెళ్లిళ్లలో కలిసే చుట్టాలు కూడా తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. ఒకచోట రాసి పెడితే వాళ్లకూ నాకూ సుఖం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలైన కాలం

ఈ దుకాణం ఎప్పటిది? డ్యాం కంటే ముందు నుంచే ఉందా?

లేదు. డ్యాం రాకముందు ఇక్కడ కొనేవాళ్లెవరు? 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఈ కొండల మధ్య ఒక ఊరు పుట్టుకొచ్చింది. సాగర్ డ్యాం రాతి కట్టడం. రాయి కొట్టాలి, మోయాలి, పేర్చాలి. మనుషుల చేతుల మీద నడిచిన పని అది. వేల మంది కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. పాలమూరు లేబర్ సంగతి తెలిసిందే కదా, దేశంలో ఎన్ని ప్రాజెక్టుల దగ్గర వాళ్ల చెమట ఉందో! ఇక్కడా ఉంది.

మా తాతది చండూరు వైపు పద్మశాలి కుటుంబం. మగ్గం మీద వచ్చేది ఇంటికి చాలక తువ్వాళ్లు, లుంగీలు, గొంగళ్లు మూటగట్టుకొచ్చి ఈ గుడిసెల మధ్య తిరిగి అమ్మేవాడు. కూలి డబ్బులు పంచే రోజు మూట విప్పితే పొద్దుగూకేసరికి ఖాళీ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పని తగ్గేకొద్దీ కూలీలు వెళ్లిపోయారు, డ్యాం చూసేవాళ్లు రావడం ఎక్కువైంది. తాత ఊరికి తిరిగి పోలేదు. ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నాడు. దుకాణం మొదలైంది ఆ గదిలోనే.

తువ్వాళ్లు అమ్మే మనిషి బొమ్మల వ్యాపారంలోకి ఎందుకొచ్చాడు?

కొనేవాళ్లు మారారు కాబట్టి. కూలీకి తువ్వాలు కావాలి. లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసొచ్చిన టీచరుకు తువ్వాలెందుకు? పిల్లలకు ఒక బొమ్మ, ఇంట్లో గోడకు ఒక పటం, పక్కింటావిడకు ఇవ్వడానికి ఏదో ఒకటి కావాలి. తాత మొదట తెచ్చినవి డ్యాం ఫొటో కార్డులు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బుద్ధుడు, కొండపల్లి ఎడ్లబండి, గవ్వలతో చేసిన అద్దాల ఫ్రేములు. సముద్రం లేని చోట గవ్వలేంటి అని ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పట్లో బాగా పోయినవి అవేనట.

బట్టల మూట మాత్రం గదిలో వెనక అరల్లోనే ఉండిపోయింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కొందరు బొమ్మలు చూస్తూ చూస్తూ "వెనక ఉన్న ఆ గుడ్డ ఏంటి?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ గుడ్డ పోచంపల్లి ఇక్కత్. మనకు రోజూ కళ్లముందు ఉండేది కాబట్టి దాన్ని గుర్తుగా కొనుక్కుపోతారని ఎవరూ అనుకోలేదు. నాయనమ్మ ఆ అరలను ముందుకు జరిపించింది. ఇప్పటికీ షాపులోకి అడుగుపెట్టగానే ఎడమ చేతి వైపు బట్టలే కనపడతాయి.

బోర్డు మీద పేరు లేదేంటి?

మొదట్లో బోర్డు రాయించే డబ్బులు లేవు. తర్వాత అవసరం పడలేదు. ఆటోవాళ్లకు "తువ్వాళ్ల తాత దుకాణం" అంటే చాలు. బిల్లు మీద మాత్రం నాన్న పేరుతో ఉంటుంది, లైసెన్సు దానికే కాబట్టి.

మీ దగ్గరి బుద్ధుడి విగ్రహాలు తవ్వకాల్లో దొరికినవా?

కావు, కాకూడదు కూడా. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. లోయ మునిగిపోకముందే 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన సున్నపురాయి శిల్పాల్లో ముఖ్యమైనవి ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. మేం అమ్మేవి ఈ కాలపు నమూనాలు: కొన్ని రెజిన్‌వి, కొన్ని శిల్పులు చెక్కిన రాతివి. ఏది దేంతో చేసిందో కింద చీటీ మీద రాసి ఉంటుంది.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు గోనెసంచిలో పాత రాతిముక్క పట్టుకొచ్చి "పొలంలో దొరికింది, ఎంతిస్తారు?" అంటారు. ముట్టుకోము. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. దేశం దాటించడం నేరం. తాత కాలంలో ఈ చట్టం రాకముందు కూడా ఆయన కొనలేదని నాయనమ్మ చెప్పేది. ఆయన కారణం వేరే: దేవుడి ముక్క ఇంట్లో పెట్టుకుంటే అరిష్టమని భయం.

## సరుకు ఎక్కడి నుంచి వస్తుంది

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట... చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. తేడా ఏంటి?

ఒకేలా ఉండవు, ఒక్కసారి పక్కపక్కన పరిస్తే మీకే తెలుస్తుంది.

పోచంపల్లిది ఇక్కత్. నేయకముందే నూలుకు లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. ఆ కట్లకు సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలు వాడతారు, పాత ట్యూబులకు అక్కడ ఎంత గిరాకీయో! డిజైన్ మగ్గం మీద పుట్టదు, నూలులోనే దాక్కుని వస్తుంది. నేతగాడు దాన్ని సరిగ్గా కలుపుతాడు. ఫలానా సరుకు ఫలానా ప్రాంతానిదేనని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) తొలిరోజుల్లోనే దక్కించుకున్న చేనేతల్లో ఇదొకటి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానం మొదలైంది కూడా ఆ ఊళ్లోనే, అందుకే భూదాన్ పోచంపల్లి అంటారు.

పుట్టపాకది తేలియా రుమాలు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి, పిండి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే దీని అందం. మడత విప్పితే నూనె వాసన సన్నగా వస్తుంది. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలపాగాల కోసం ఎగుమతి అయ్యేది. 2020లో దీనికి జీఐ వచ్చింది. మా షాపులో ఖరీదైన అర ఇదే, తాళం ఉండేదీ దానికే.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరే రంగు అంచును ఒంటితో మగ్గం మీదే పోగుకు పోగు ముడేస్తారు. దాన్నే కుట్టు అంటారు, సూదితో కుట్టింది కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. ఆ మాట చెప్పగానే కళ్లకద్దుకుని కొనేవాళ్లున్నారు.

నారాయణపేట చీర మాత్రం నిరాడంబరం. గళ్లు, పట్టెడంచు, గుడి గోపురాల్లాంటి కొసలు. పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గం మీద ఒక్కసారి ఎక్కిస్తే ఎనిమిది చీరల దాకా వస్తాయి కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. శివాజీ దండుతో వచ్చి అక్కడే నిలిచిపోయిన నేతగాళ్లతో ఈ నేత మొదలైందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. రోజూ కట్టుకునే చీర కావాలంటే నేను కళ్లు మూసుకుని దీన్నే చెప్తాను.

మీరే మగ్గాల దగ్గరికి వెళ్తారా, వాళ్లే తెచ్చిస్తారా?

రెండూ ఉన్నాయి. గద్వాల, నారాయణపేట దూరం కాబట్టి అక్కడ తెలిసిన మాస్టర్ వీవర్ల (నేతగాళ్లకు నూలిచ్చి నేయించేవాళ్ల) దగ్గర నుంచి కొంటాం. చండూరు, గట్టుప్పల్, కొయ్యలగూడెం, పుట్టపాక వైపు నుంచైతే నేసినవాళ్లే బస్సులో మూట వేసుకుని వస్తారు. ఎక్కువసార్లు ఆడవాళ్లే వస్తారు.

మూట వచ్చాక జరిగేది చెప్తాను. ఒకప్పుడు నాయనమ్మ, ఇప్పుడు అమ్మ గుమ్మం ముందు వెలుతురులో చాప వేసి చీరను నిలువునా పరుస్తుంది. ముందు అంచు మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లాక్కుంటూ పోతుంది. పోగు తెగి ముడేసిన చోట వేలికి తగులుతుంది. తర్వాత చీరను తిరగేసి వెలుగుకు ఎత్తి పట్టుకుంటుంది. పేక (అడ్డ పోగు) పలచబడిన చోట సన్నటి గీతలా కనపడుతుంది. తెచ్చినావిడ ముందే చెప్పేస్తుంది: "అక్కా, కొంగు దగ్గర డిజైన్ ఒక పోగు జరిగింది, చూసుకో." అట్లా ముందే చెప్పినవాళ్లకు ధర తగ్గించం. చెప్పకుండా మడతలో దాచిపెట్టిన చీరను మాత్రం చప్పుడు చేయకుండా మడిచి మూటలోనే పెట్టేస్తుంది అమ్మ. మాటా ఉండదు, గొడవా ఉండదు.

చీర నచ్చితే డబ్బు అక్కడికక్కడే. తాత నుంచి మాకు వచ్చిన కట్టుబాటు ఇదొక్కటే. ఆయన మగ్గం మీద కూర్చున్న రోజుల్లో, అమ్మి ఇస్తానన్న సావుకారి చుట్టూ నెలల తరబడి తిరిగాడు. అందుకే "చీర ఉద్దెర పెట్టొద్దు, కావాలంటే టీ ఉద్దెర పెట్టు" అనేవాడు. ఈ పద్ధతిలో మా పెట్టుబడి అరల్లో ఇరుక్కుపోతుంది, నిజమే. కానీ దసరా ముందు అందరికీ సరుకు కావాల్సి వచ్చినప్పుడు మూట ముందు మా గుమ్మం ముందే దిగుతుంది.

ఆసు పోయడం అంటారు కదా, అదేంటి?

ఇక్కత్‌లో కట్లు కట్టడానికి ముందు పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఇంట్లో ఆడవాళ్ల పని అది. మా నాయనమ్మ కుడి భుజం పైకి లేవకపోవడానికి ఆసే కారణం. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి కష్టం చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. "యంత్రం వాడితే చేనేత ఎలా అవుతుంది?" అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న ఆసు పోసిన భుజాన్ని అడగాలి. నేత చేతి మగ్గం మీదే జరుగుతుంది, యంత్రం తీసేసింది నొప్పిని.

అద్దాల బ్యాగులు, కుషన్ కవర్లు రాజస్థాన్ నుంచి తెస్తారా?

దేవరకొండ చుట్టుపక్కల లంబాడీ తండాల నుంచి తెస్తాం. అద్దాలు, గవ్వలు, బిళ్లలు, రంగు దారం కుట్లు తండా ఆడవాళ్ల ఒంటి మీది బట్టల్లో తరతరాలుగా ఉన్నవే. వాళ్ల కోసం కుట్టుకునే పేటియా (లంగా), కాంచళి (రవిక) అమ్మకానికి రావు. బ్యాగులూ కవర్లూ షాపుల కోసం మొదలైన పని. పండగ ముందు, పత్తి ఏరే రోజుల్లో సరుకు రాదు. పొలం పని ముందు, కుట్టుపని తర్వాత. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గొంగళ్లు ఇంకా ఎవరైనా కొంటున్నారా?

కొంటున్నారు, కాకపోతే కప్పుకోవడానికి కాదు, నేల మీద పరుచుకోవడానికి, యోగాకు. పాలమూరు వైపు కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేస్తారు. నల్లగా, గరుకుగా ఉంటుంది. వానకు తడిసినా వెచ్చగా ఉంటుంది. దక్కనీ మందలు తగ్గిపోయి మాంసం కోసం పెంచే గొర్రెలు ఎక్కువయ్యాక ఉన్ని దొరకడమే కష్టమైంది.

నిర్మల్ బొమ్మలు, చేర్యాల మాస్కులు ఈ జిల్లావి కావు కదా, ఎందుకు పెట్టారు?

అడుగుతారు కాబట్టి. నిర్మల్‌ది పొనికి చెక్క, చేర్యాల మాస్కుది కొబ్బరి చిప్ప మీద చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు. ఊరి పేరు చీటీ మీద రాసే అమ్ముతాం. సాగర్‌లో కొన్నారు కాబట్టి సాగర్ బొమ్మ అయిపోదు.

## కౌంటర్ దగ్గర

ప్రింటు చీరకూ అసలు ఇక్కత్‌కూ తేడా నేనెలా కనిపెట్టాలి?

తిరగేసి చూడండి. ఇక్కత్‌లో రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది. మామూలు ప్రింటుకు వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. తర్వాత డిజైన్ అంచుల దగ్గర చూడండి. ఇక్కత్ అంచు కొంచెం చెదిరినట్టు, సిరా పీల్చినట్టు ఉంటుంది. గీత గీసినంత పదునుగా ఉంటే అనుమానించండి. మూడోది, చీర చివర కత్తిరించిన చోట ఒక పోగు లాగి చూడండి. పోగు మీద ముక్కలు ముక్కలుగా రంగులు మారుతుంటే అది కట్టు కట్టి అద్దిన నూలే. రెండు వైపులా ప్రింటు వేసేవాళ్లు కూడా వచ్చారు, అయితే పోగు లాగితే అదీ దొరికిపోతుంది.

పట్టు అనుమానమైతే ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతే పట్టు. ముద్దలా గట్టిపడితే సింథటిక్. చేనేత మార్క్, సిల్క్ మార్క్ లేబుళ్లు కూడా అడగండి. అడిగితే మొహం చిట్లించే షాపులో కొనకండి, మా షాపైనా సరే.

ధర ఇంతెందుకు? బేరమాడొచ్చా?

నూలు, రంగు, జరీ ధర బజారు నిర్ణయిస్తుంది. నేసినవాళ్ల మజూరీలో మేం చెయ్యి పెట్టం. మిగిలింది మా లాభం. అందులో బేరం కొంచెం ఉంటుంది. రెండు మూడు చీరలు తీసుకుంటే మేమే తగ్గిస్తాం. "సగానికి ఇస్తావా అన్నా?" అంటే మాత్రం నాన్న నవ్వి, ఆ ధరకు దొరికే నారాయణపేట చీర తీసి చూపిస్తాడు. ఒక ఇక్కత్ పట్టుచీర వెనక రంగు అద్దేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, కట్లు కట్టేవాళ్లు, నేసేవాళ్లు, ఇంటిల్లిపాది పని ఉంటుంది. వాళ్లలో చాలామందికి విడిగా కూలి అంటూ ఉండదు, ఆ ఒక్క చీర మజూరీలోనే అందరూ బతకాలి.

ఇన్ని మంచి సరుకులు పెట్టుకుని, ప్లాస్టిక్ కీచైన్లు, మెరిసే స్టిక్కర్లు ఎందుకు అమ్ముతున్నారు?

ఈ ప్రశ్నలో దెప్పిపొడుపు నాకు తెలుస్తూనే ఉంటుంది. కరెంటు బిల్లు, గది అద్దె కట్టేది ఆ కీచైన్లే. స్కూలు బస్సు ఆగితే పిల్లల చేతిలో ఉండేది ఇరవై ముప్పై రూపాయలు. వాళ్లకు తేలియా రుమాలు చూపించనా? కాకపోతే కీచైన్ ఒక మూలనే ఉంటుంది, గుమ్మానికి ఎదురుగా ఉండదు. అవి హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ సరుకు. ఇక్కడ చేసినవని మేం చెప్పం.

## ఇల్లూ, గల్లాపెట్టే

ఇంట్లో అందరూ షాపులోనే పనిచేస్తారా? జీతాలుంటాయా?

ఉండేవి కావు. తాత కాలంలో గల్లాపెట్టె ఒక్కటే, దాని తాళంచెవి నాయనమ్మ కొంగున. ఎవరికి ఏం కావాలన్నా ఆమెనే అడగాలి. నాన్న కూడా సినిమా డబ్బులకు కారణం చెప్పుకునేవాడట. వినడానికి బాగుంటుంది కానీ, ఇంటి కోడళ్లకు ఆ పద్ధతిలో చేతికి రూపాయి కూడా రాదు. సరుకు ఎంచేది అమ్మ, డబ్బు లెక్క మగవాళ్లది. అమ్మ పేరు మీద నెలనెలా బ్యాంకులో జీతం పడటం మొదలైంది మా తరంలోనే. ఇట్లాంటి కుటుంబ వ్యాపారం ఎవరు పెట్టినా మొదటి నెల నుంచే ఆడవాళ్ల జీతం లెక్కలో రాయండని గట్టిగా చెప్తాను.

లెక్కలు ఎలా రాస్తారు?

ఇప్పుడు కంప్యూటర్‌లో. అంతకు ముందు పొడుగాటి ఎర్ర అట్ట పద్దు పుస్తకాలు ఉండేవి, దీపావళికి లక్ష్మీపూజ చేసి కొత్తది తెరిచేవాళ్లు. తాత పద్దులో పేర్లతో పాటు గుర్తులు కూడా ఉంటాయి: "గట్టుప్పల్, ఎర్ర అంచు, కూతురు పెండ్లి, ముందు ఇచ్చినది". ఏ చీర ఎవరు నేశారో, ఎప్పుడు వచ్చిందో ఆ ఒక్క లైనులో ఉంటుంది. కంప్యూటర్‌కు మారినప్పుడు మేం పట్టుబట్టి ఉంచుకున్నది ఈ గడినే. ప్రతి చీటీ మీద ఊరి పేరు, నేసిన ఇంటివారి పేరు ఉంటాయి.

జీఎస్టీ గురించి కూడా అడుగుతుంటారు. 2017 జూలై 1 నుంచి వచ్చింది. తెలంగాణలో సరుకులమ్మే వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్ని రాష్ట్రాల్లో ఉన్న 40 లక్షల పరిమితి ఇక్కడ లేదు. నేసినవాళ్లు చాలామంది ఆ లోపలే ఉంటారు కాబట్టి బిల్లు మేం రాసుకోవాలి. మంచి అకౌంటెంట్‌ను పట్టుకుంటే టెన్షన్ ఉండదు.

అన్నదమ్ములు విడిపోయినప్పుడు షాపు ఎలా పంచుకున్నారు?

భూమి కొలిచి పంచుతారు. సరుకును ఎలా పంచాలి? కొన్న ధరకా, అమ్మే ధరకా? అరలో నాలుగేళ్లుగా ఉన్న చీరకు విలువ ఎంత? నాన్న, చిన్నాయన ఈ మాట మీద కొన్నాళ్లు పలకరించుకోలేదు. చివరికి మేనమామ వచ్చి తేల్చాడు: అన్నీ కొన్న ధరకే లెక్కకట్టి, తమ్ముడు రెండు వాటాలు చేయాలి, అన్న ముందు ఎంచుకోవాలి. వాటాలు చేసేవాడికి ఎంచుకునే హక్కు లేకపోతే సమానంగానే చేస్తాడు. షాపు నాన్నకు ఉండిపోయింది. చిన్నాయన విజయవాడ హైవే మీద తన దుకాణం పెట్టుకున్నాడు. నేసేవాళ్లను మాత్రం పంచుకోలేదు, ఇద్దరికీ వాళ్లే ఇస్తారు.

## దెబ్బలూ, మార్పులూ

ఏ ఏడాది బాగా దెబ్బ తగిలింది?

2020 అని అందరూ అనుకుంటారు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే డ్యాం దగ్గర మనిషి లేడు, నిజమే. కానీ ఆ దెబ్బ అందరికీ ఒక్కటే. అరువు అడిగితే అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు.

మమ్మల్ని వేరేగా కుదిపింది 2009 అక్టోబర్. తుంగభద్ర పొంగి గద్వాల వైపు రాజోలి, అలంపురం మునిగాయి. రాజోలిలో మగ్గాలున్న ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మగ్గం గుంటలు బురదతో నిండాయి, పడుగులు కుళ్లిపోయాయి. మాకు సరుకు ఇచ్చే రెండు మూడు ఇళ్లవాళ్లు ఆ తర్వాత మగ్గం జోలికి పోలేదు, బతుకుదెరువుకు పట్నం వెళ్లిపోయారు. షాపులో సామాను తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, నేసే మనిషి వెళ్లిపోతే వాళ్ల చేతి డిజైన్ కూడా వెళ్లిపోతుంది. రాజోలి నుంచి వచ్చే ఒక సన్నపు కోటకొమ్మ అంచు మా అరల్లోకి మళ్లీ రాలేదు.

2016 నవంబర్ 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు నేసినవాళ్లకు అక్కడికక్కడే డబ్బివ్వడం అనే మా కట్టుబాటు మొదటిసారి తప్పింది. చేతిలో చెల్లే నోట్లే లేవు మరి. చీటీలు రాసిచ్చాం, తీర్చేసరికి సంక్రాంతి అయింది.

గేట్లు ఎత్తితే వ్యాపారం పెరుగుతుందా?

పెరుగుతుంది. శ్రీశైలం నిండి నీళ్లు కిందికొస్తే సాధారణంగా ఆగస్టు ప్రాంతంలో సాగర్ గేట్లు ఎత్తుతారు. మొత్తం 26 గేట్లు. టీవీలో కనపడ్డ మర్నాటి నుంచి హైదరాబాద్ రోడ్డు నిండా కార్లే. అయితే ఆ జనం చూసేది నీళ్లను, కొనేది మొక్కజొన్న కంకులు. చీరలు కొనేవాళ్లు డిసెంబర్, జనవరిలో తీరిగ్గా వస్తారు. 2015-16 కరువు ఏడాది రిజర్వాయర్ అడుగంటితే కీచైన్ల అమ్మకం పడిపోయింది, చీరలది అంతగా పడలేదు.

కృష్ణా పుష్కరాలది వేరే లెక్క. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా పన్నెండు రోజులూ షాపు మూసింది లేదు. స్నానం చేసి వచ్చినవాళ్లు తడి బట్టలు మార్చుకోవడానికి పంచెలు, తువ్వాళ్లు అడిగారు. తాత మూటలో ఉన్న సరుకే! తర్వాతి పుష్కరాలు 2028లో.

తెలంగాణ వచ్చాక, జిల్లాలు విడిపోయాక ఏం మారింది?

చీటీలు మారాయి. 2016 అక్టోబర్ 11 తర్వాత పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి వెళ్లాయి. నారాయణపేట 2019లో సొంత జిల్లా అయింది. "నల్లగొండ చేనేత" అని రాసిన పాత చీటీల కట్ట ఇంకా అటక మీద ఉంది. ప్రభుత్వ ఎంపోరియం లేపాక్షి పేరు పోయి ఇక్కడ గోల్కొండ అయింది.

బుద్ధవనం వచ్చాక లాభపడ్డారా?

బుద్ధవనం అంటే సాగర్‌లోని బౌద్ధ థీమ్ పార్కు. 2022 మే 14న ప్రారంభమైంది, 274 ఎకరాల్లో ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు నిదానంగా చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు, మా చీటీలు చదువుతారు. రాతి బుద్ధుడి విగ్రహాలు కదిలింది అప్పటి నుంచే.

## కొత్తగా పెట్టాలనుకునేవాళ్లకు, కొన్నవాళ్లకు

ఇలాంటి షాపు పెట్టాలంటే ఎంత పెట్టుబడి కావాలి?

అంకె చెప్పను, మీ ఊరి అద్దెను బట్టి ఉంటుంది. కానీ ఉన్న డబ్బులో సగం కంటే ఎక్కువ సరుకులో పెట్టకండి. మిగతాది నేసినవాళ్లకు నగదు ఇవ్వడానికి చేతిలో ఉండాలి. మొదటి ఏడాది ఒక్క ఊరి సరుకు మాత్రమే పెట్టి, దాని గురించి అడిగిన ప్రతిదానికీ సమాధానం చెప్పగలిగేలా తయారవండి. పది ఊళ్ల సరుకు పెట్టి ఒక్కదాని గురించీ తెలియని షాపులు ఈ రోడ్డు మీదే చాలా వచ్చాయి, పోయాయి.

మీ తర్వాత ఎవరు చూసుకుంటారు?

మా అక్క కూతురికి ఆసక్తి ఉంది, టెక్స్‌టైల్ డిజైన్ చదువుతోంది. సెలవుల్లో వస్తే చాప మీద అమ్మ పక్కన కూర్చుని అంచు మీద వేలు లాగుతుంది. షాపు నడపాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పం కూడా.

ఆన్‌లైన్‌లో అమ్ముతారా?

వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాం, పార్సిల్ చేస్తాం. పెద్ద వెబ్‌సైట్లలో పెట్టి చూశాం. రంగు ఫొటోలోలా లేదని వాపసులు ఎక్కువ వచ్చాయి. ఇక్కత్‌లో రెండు చీరలు అచ్చంగా ఒకేలా రావు, అది వాళ్ల ఫారంలో ఇమడదు.

చీర రంగు పోతే వాపసు తీసుకుంటారా? ఎలా ఉతకాలి?

నేతలో లోపం ఉంటే బిల్లు లేకపోయినా తీసుకుంటాం, చీటీ ఉంటే చాలు. నూలు చీరను మొదటిసారి చల్లటి ఉప్పు నీళ్లలో విడిగా నానబెట్టి, నీడలో ఆరేయండి. ముదురు ఎరుపు, నలుపు మొదటి రెండు ఉతుకుల్లో కొంచెం రంగు వదులుతాయి, కంగారు పడొద్దు. పట్టు చీరలను డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు కాబట్టి దాన్నీ డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. తేలియా రుమాలుకు నూనె వాసన పోవాలని సబ్బుతో రుద్దకండి. ఎండబెట్టి పెట్టుకుంటే వాసన సన్నబడుతుంది. మడత నెలకోసారి మార్చి పెట్టండి, ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే పట్టు అక్కడే చీలుతుంది.